ఆధారము ఉదాసీనమా?

రాజంపేటనుండి కోడూరు వైపు పోవు దారికి చేరువనున్న మంగంపేట గనులలో దొరకు ముగ్గురాయి, రసాయనశాస్త్రము బేరియం సల్ఫేటని పిలుచు ఖనిజము, దేనితోడను పొత్తు కోరని పదార్థము. నీటిలో కరగదు, ఆమ్లములకు సులభముగ లొంగదు. బేరియపు లవణములనేకము విషములే యైనను, ఈ సల్ఫేటును శుద్ధిచేసి రోగిచే త్రాగించి ఎక్స్‌రే చిత్రము తీసిన పిదప, అది దేహమున కేమియు నీయక, దేహమునుండి యేమియు గ్రహింపక, వచ్చినట్లే వెడలిపోవును. 1918లో రోజెన్‌మండ్ అను జర్మను రసాయనికుడు బేరియం సల్ఫేటు ఆధారముపై పల్లేడియపు సూక్ష్మకణములను ఉత్ప్రేరకముగ నిలిపి, ఆమ్లక్లోరైడులను ఆల్డిహైడుల దగ్గరనే ఆపి, ఆల్కహాలుల వరకు పోనీయక క్షయకరించు విధానమును ప్రకటించెను. చర్య ముందునకు దూకకుండుటకు కారణము, తోడుగా వేయు నిరోధకద్రవ్యమును, సల్ఫేటు ఉపరితలము స్వల్పమగుటయు. ఏమియు చేయని ఆధారము సైతము, చేయకపోవుటచేతనే, ఫలమును కొంత నిర్ణయించుచున్నది.

ఆధారము ఆధేయమును మార్చునా, మార్చకయే మోయునా అను ప్రశ్న మన దర్శనములకు క్రొత్తది కాదు. సంయోగమునకు నైయాయికులు చూపు దృష్టాంతము కుండలోని రేగుపండ్లు: కుండ మారినను పండు మారదు, పండు తీసినను కుండకు లోటు లేదు. రసాయనికులలో పలువురు చాలకాలము లోహోత్ప్రేరకమును గూర్చి ఇట్లే తలచిరి. వెలగల లోహమును పలుచగ పరచుటకు చవుకైన పీఠము కావలెను, అంతే.

ఆ తలంపు నిలువలేదు. 1978లో టాస్టర్, ఫంగ్, గార్టెన్ అనువారు ప్లాటినము మొదలగు లోహములను టైటానియం డయాక్సైడుపై నిలిపి, హైడ్రోజనులో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద క్షయకరించినపుడు ఆ లోహములు హైడ్రోజనును, కార్బన్ మోనాక్సైడును యథావిధిగ పట్టుకొనుననియు, 500 డిగ్రీల వద్ద క్షయకరించినచో ఆ గ్రహణశక్తి దాదాపు శూన్యమగుననియు చూపిరి. లోహకణములు ముద్దకట్టి పెరుగుటచే కలిగిన నష్టము కాదది. ఆక్సిజనులో కాల్చి మరల మృదువుగ క్షయకరించిన పూర్వశక్తి తిరిగి వచ్చుచుండెను. ఆధారము లోహమునకు ఎలక్ట్రానుల నిచ్చినదని మొదట కొందరు వాదించిరి. పిదప, ఆక్సిజనును కొంత కోల్పోయిన ఆ ఆధారమే ప్రాకి లోహమును పలుచని పొరగ కప్పుట కనుగొనబడెను. మోయుచున్నది మూసివేయుటయు నేర్చినదన్నమాట. ఎలక్ట్రానుల బదిలీ వట్టి ఊహ యని మాత్రము అనరాదు: సీరియం ఆక్సైడుపై నిలిచిన ప్లాటినపు కణములను పరీక్షించి 2016లో ప్రకటించినవారు, 30 నుండి 70 పరమాణువుల కణములయందు బదిలీ అత్యధికమనియు, అప్పుడు సుమారు 10 ప్లాటినపు పరమాణువులకు ఒక ఎలక్ట్రాను ఆక్సైడునకు పోవుననియు లెక్కతేల్చిరి.

మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయందు బోయపాటి మనోరంజన్ చౌదరి, మన్నేపల్లి లక్ష్మీకాంతం ప్రభృతులు 2002లో క్షారస్వభావము గల పొరల హైడ్రాక్సైడుపై పల్లేడియపు నానోకణములను నిలిపి, మామూలుగ మొండికెత్తు క్లోరోఎరీనులను సైతము, లోహమునకు తోడై దాని నడవడిని దిద్దు లిగాండు నేదియు విడిగ చేర్చకయే సంధింపజేసిరి. క్షారలిగాండు చేయవలసిన పని పీఠమే చేసినది. బేరియం సల్ఫేటుపై మితముగ నడచుకొన్న పల్లేడియమే ఇచట విజృంభించినది. ఇక పల్లేడియపు స్వభావమని దేనిని చెప్పవలెను?

ఈ ప్రశ్నతో మరల దర్శనముల వైపు చూచినచో, రాజంపేట ప్రక్కనున్న తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యుడు అహోబలమున శఠకోపయతి సన్నిధిని అభ్యసించెనని సంప్రదాయము చెప్పు వేదాంతము రామానుజునిది. చేతనునిచే ధరింపబడి, నియమింపబడి, ఆతనికే శేషమై యుండు ద్రవ్యము శరీరమని శ్రీభాష్యము. ఆ సంబంధము కుండలోని పండ్లవంటిది కాదు, విడదీయరాని అపృథక్సిద్ధి. లోహముయొక్క నడవడి పీఠమును విడిచి నిర్వచింపరానిదైన చోట ఈ భావన నాకు తప్పక స్ఫురించును. అయినను, ప్రాచీనులు ఇదంతయు ముందే యెరిగిరని చాటు వ్యాసములకు మన పత్రికలలో కొరత లేదు. ఆ ఘోషలో నేను చేరజాలను. రామానుజుని బ్రహ్మము జగత్తును ధరించియు స్వరూపవికారము నొందదు, మార్పులు శరీరమునకే చెందును. టైటానియం డయాక్సైడు అట్లు కాదు: లోహమును మార్చుటకు ముందు తానే తన ఆక్సిజనును కోల్పోయినది. ఇంకొక భేదము ఇంతకంటె లోతైనది. ప్లాటినపు కణము పెద్దదగు కొలది ఈ ఎలక్ట్రానుల ఇచ్చిపుచ్చుకొనుట పీఠమును తాకు సరిహద్దు పరమాణువుల దగ్గరనే నిలిచిపోవును. లోపలి ప్లాటినమునకు తాను దేనిపై నిలిచినదో ఆ యెరుక లేదు. అంతర్యామి యనదగినది ఆ పీఠము కాదు.