అప్పగింత - అధికారము

పావగడ తాలూకా వల్లూరువారికి కౌలునకును క్రయమునకును గల భేదమును ఎవరును బోధింప నక్కరలేదు. వల్లూరు, తిరుమణి మొదలగు అయిదు గ్రామముల రైతులు ఇంచుమించు 13,000 ఎకరముల మెట్టభూమిని సౌరవిద్యుత్తు నిమిత్తము కౌలున కిచ్చిరి. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును పొందిన ఆ క్షేత్రమున పలకలు పరులవి, నేల రైతులది. చేతిఫోనును మనుమని కప్పగించిన తాతగారి విషయమునను ఇట్టి భేదము కలదని మా అభిప్రాయము.

ఆండ్రాయిడ్ ఫోనులలో డెవలపర్ ఆప్షన్సు అను చాటు గది యొకటి కలదు. 2012 నాటి 4.2 వెర్షను మొదలు అది పైకి కనబడదు. బిల్డ్ నంబరును ఏడుమార్లు తట్టినచో, ఇక మీరు డెవలపరని ఫోనే ప్రకటించును. (ఇంత చౌకగా పట్టమిచ్చు విశ్వవిద్యాలయము వేరొకటి లేదు!) ప్రోగ్రాములు వ్రాయువారి పరీక్షలకై ఏర్పడిన యా గదిని మన పిల్లలు వేరొక పనికి తెరతురు. పాతఫోను మందకొడిగ నున్నదని పెద్దలన్నచో, యానిమేషను స్కేలును ఒకటినుండి అరకు తగ్గింతురు. తెరలు చరచర మారును. ఫోను బలమేమియు పెరుగదు, తెర మారు ఆర్భాటము మాత్రమే కురుచయగును. ఇందు హాని లేదు.

అయితే ఆ గదిలోనే యూఎస్‌బీ డీబగ్గింగు అను మీట కలదు. అది తెరచియుండగా, తీగతో కలిపిన కంప్యూటరును ఒకమారు అనుమతించినచో, అది ఫోనులో కొత్త యాపులను చేర్చగలదు, ఫైళ్లను తీసికొనగలదు. అందుచే కొన్ని బ్యాంకు యాపులు అట్టి ఫోనులో పనిచేయ నిరాకరించును. కౌలుసొమ్ము పడినదా యని చూడబోయిన తాతగారికి కనబడునది ఒక ఇంగ్లీషు వాక్యము. ఇంట తెలుగును, బడిలో కన్నడమును నేర్చిన యాయన దానినేమి చేయును?

"వారి మేలుకే గదా, చెప్పినను తెలియునా?" యని యువకులు వాదింతురు. మే మంగీకరింపము. తన ఫోనులో ప్రతి గదిని తెరచి చూచుట యువకునికి విద్యయే. దానిని మాన్పుట పెద్దలకు తగదు. పరుల ఫోనున మాత్రము, ఏ మీటను ఎందులకు త్రిప్పితినో ఇంటిభాషలో చెప్పి తీరవలెను. "నాకెందుకురా అబ్బీ, నీవే చూచుకో" అని తాతగారన్నను, ఆయన ఇచ్చినది ఆ పనిమట్టునకే, క్రయపత్రము వ్రాయలేదు. చెప్పిన పిమ్మట ఆయన వలదన్నచో, ఫోను మందకొడిగనే యుండనిండు. పని తీరినంతనే ఆ గది పైభాగమునందలి ప్రధానమైన మీటను మూయవలెను. తెరలు మరల నెమ్మదించినచో తాతగారు అడుగుదురు. కారణము చెప్పుటకు రెండు నిమిషములు చాలును.