తల్లి యెరుగని దినములు

ధ్యాన భాగములు: కీర్తనలు 139:13–16, యోహాను 9:1–3



దేవుడు తన్ను తల్లి గర్భములోనే రూపించెనని దావీదు స్తుతించుచున్నాడు. ఎవరి కన్నును చేరని చోట ఆ పని జరిగెనని అతని ఆశ్చర్యము. కాన్పు తరువాత జరుగు స్తుతి కూడికలలో మనము ఆ భాగమును ఎన్నో మారులు చదివియున్నాము. అయితే మరుగైన ఆ పని యెంత త్వరగా జరుగునో ఎప్పుడైన తలంచితిమా?

గర్భము నిలిచిన మూడవ వారములో పిండము వీపు వైపున పలకవంటి సన్నని పొర యొకటి ఏర్పడును. దాని రెండు అంచులు పైకి లేచి, చాపను చుట్టినట్లు ఒకదానినొకటి కలిసికొని గొట్టమగును. ఆ గొట్టపు పైభాగము మెదడగును, క్రిందిభాగము వెన్నుపామగును. సుమారు 28వ దినమునకు అది మూసికొనిపోవును. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారములే. అనేకులకు ఇంకను అనుమానమైన కలుగదు.

ఆ గొట్టము పైన మూసికొననియెడల మెదడు సరిగా ఏర్పడదు, ఆ శిశువు బ్రదుకదు. క్రింద మూసికొననియెడల వెన్ను చీలికతో బిడ్డ పుట్టును. కాళ్లు చచ్చుబడవచ్చును, తలలో నీరు చేరవచ్చును.

ఇట్టి బిడ్డ పుట్టిన యింటికి వెళ్లి మనమేమందుము? గ్రహణము నాడు బయటికి వచ్చితివా అని ఒకరు, ఎవరి పాపమో యని మరియొకరు. ప్రార్థన చేయుటకు వెళ్లిన మనమే యీ మాటలనుచున్నాము! పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులును అట్లే అడిగిరి. వాడును గాడు, వాని కన్నవారును గారని ప్రభువు తేల్చి చెప్పెను. తనకే తెలియని దినములలో జరిగినదానికి తల్లిని దోషిగా నిలుపుట న్యాయమా?

నింద తగదు గాని, చేయదగిన పని యొకటి కలదు. లోగడ ఇట్టి బిడ్డను కనిన స్త్రీలకు ఏడు దేశములలో గర్భము నిలువక మునుపే ఫోలిక్ ఆమ్లము ఇచ్చి చూడగా, ఈ లోపము నూటికి 72 వంతులు తగ్గెనని 1991లో ప్రకటింపబడెను. లాటిన్ భాషలో ఆకు అను మాటనుండి దానికి ఆ పేరు వచ్చెను. 1941లో దానిని పాలకూరనుండి తీసిరి. తరువాత 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మనవాడే గదా అని సంతసించుదుము. అయితే మన ఆడపిల్లలకు ఆ మాత్ర ఎప్పుడు చేరుచున్నది? మూడవ నెల దాటిన తరువాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు! అప్పటికి గొట్టము మూసికొని ఎన్నాళ్లాయెను.

గర్భము నిలుచుటకు కనీసము ఒక నెల ముందునుండి 12వ వారమువరకు దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెను. లోగడ ఇట్టి కాన్పు అయినవారికి ఎక్కువ మోతాదు అవసరము గనుక వైద్యుని అడుగవలెను. ఆకుకూరలు, పప్పులు మంచివే. అవి మాత్రకు బదులు గావు. మాత్ర తీసికొనిన వారిలోను కొందరికి ఈ లోపము కలుగవచ్చును. అప్పుడును తల్లిని నిందింపకూడదు.

ఇంకొక మాట. కడపటి నెలలలో గర్భస్థ శిశువునకు శబ్దములు వినబడును. పుట్టి మూడు దినములైన కాని శిశువులు తమ తల్లి స్వరమును గుర్తించుదురని 1980లో ఒక పరీక్ష తెలిపెను. ఆరవ నెలలోనున్న ఎలీసబెతు గర్భములో శిశువు గంతులు వేయుటను వ్రాసిన లూకా వైద్యుడే గదా! పుట్టిననాడు మెదడు బరువు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవ వంతు. రెండేండ్లకు మూడు వంతులు మించును. ఆ దినములలో ఎత్తుకొనుట, పలుకరించుట, ఊకొట్టుట దానికి ఆహారమువంటివి. వెన్ను చీలికతో పుట్టిన బిడ్డకును ఇది కావలెను. కాబట్టి ఈసారి ఆ యింటికి వెళ్లునప్పుడు ప్రశ్నలు మాని, బిడ్డను ఎట్లు ఎత్తుకొనవలెనో తల్లిని అడిగి ఎత్తుకొని, పేరుపెట్టి పిలిచి మాటలాడుదము.

మూడు ఆదివారములు మనము పెండ్లి ప్రకటనలు చదువుదుము. వధూవరులను పిలిచి బుద్ధి చెప్పు దినమున ఈ మాత్ర సంగతి కూడ చెప్పవలెనని సంఘ పెద్దలను వేడుకొనుచున్నాము. అయ్యగారికి సంకోచమైనయెడల అమ్మగారు చెప్పవచ్చును.