పరుగు మానిన కుక్కను తెచ్చుకునే ముందు

చిట్టితల్లికి,

  

మొన్న ఆదివారం నువ్వు ఆ గ్రేహౌండ్ సంగతి చెప్పినప్పటి నుంచీ నా మనసు దాని మీదే ఉంది. పందేలు మానేసిన కుక్క, నాలుగేళ్ళ వయసు, ముప్ఫై కిలోల బరువు, బాబుకి తోడుగా ఉంటుందన్నావు. మన వైపు గ్రేహౌండ్స్ అంటే పోలీసు దళమే కదా, అమ్మమ్మకి విడమరిచి చెప్పాను. తనూ సంతోషించింది. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు, "నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు తాతయ్యా, ఇచ్చినవాళ్ళే తీసుకుంటారు" అని. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మన ముందుగదిలో ఒక పాత ఫొటో ఉంది. చిన్నప్పుడు నువ్వు కుర్చీ ఎక్కి మరీ చూసేదానివి. రెండు తెల్లటి ఒంగోలు ఎడ్లు, మధ్యన షీల్డు పట్టుకుని మీ ముత్తాత. ఎడమ పక్కది రాముడు. దాని కథ మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

రాముడు మా ఇంటి ఆవుకే పుట్టాడు. కోడెగా ఉన్నప్పటి నుంచీ మా నాన్న తెల్లవారుజామున లేచి ఉలవలు ఉడకబెట్టి, చేత్తో ముద్దలు చేసి పెట్టేవాడు. బండలాగుడు పందేలకు చుట్టుపక్కల ఏ తిరునాళ్ళకి వెళ్ళినా మా జత వస్తోందంటే జనం గట్ల మీదకి ఎక్కేవాళ్ళు. పందెం అయ్యాక, నోట నురగ కారుతూనే, రాముడు వచ్చి నా భుజం మీద తల ఆనించేవాడు. ఒక శివరాత్రికి బండ లాగుతుంటే ముందుకాలు మడతపడింది. పశువుల డాక్టరు చూసి, నడుస్తుంది గానీ ఇక బరువు లాగలేదన్నాడు. "మన గడ్డి తిని మన కొట్టంలోనే ఉంటుంది" అన్నాడు నాన్న. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఇంటి లెక్కలు కొత్తగా నా చేతికొచ్చాయి. పని చెయ్యని నోటికి దాణా ఎందుకనిపించింది. నాన్న ఊళ్ళో లేని రోజు చూసి సంతకి తోలుకెళ్ళాను. నేను డబ్బు లెక్కపెట్టుకుంటుంటే రాముడు ఎప్పటిలాగే నా భుజం మీద తల ఆనించాడు.

మూడు నెలల తర్వాత రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఇటుకల బండికి రాముడు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. నా నోట్లోంచి "రాముడూ" అని వచ్చేసింది. చెవులు నిక్కించి ఆగిపోయాడు. ఆగినందుకు వీపు మీద చర్నాకోల పడింది. నేను బస్సు దిగలేదు.

నాన్న పోయేదాకా, రెండేళ్ళు, నాతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే మీ అమ్మమ్మతో చెప్పించేవాడు.

ఇప్పుడు కుర్చీ కొన్నా, చెప్పులు కొన్నా పది రోజుల్లో వెనక్కి పంపొచ్చు. ఆ అలవాటు మనుషుల మాటల్లోకి కూడా వచ్చేసింది, నాకది బాధగా ఉంది. కుక్కల పందేలూ అంతే. 1919లో కాలిఫోర్నియాలో ఒకాయన యంత్రంతో పరిగెత్తే ఉత్తుత్తి కుందేలును ట్రాకు మీద పెట్టాడట. 1926కల్లా అది మాంచెస్టర్ చేరింది. కుక్క కుందేలు కోసం పరిగెడుతుంది, మనిషి డబ్బు కోసం. ఫ్లోరిడాలో 2018లో జనమే ఓటేసి ఆ పందేలు మాన్పించారు. న్యూజిలాండ్ ప్రభుత్వం కూడా ఆపేస్తామని 2024లో ప్రకటించింది. మంచిదే. కానీ ట్రాకులు మూసేస్తే ఆ కుక్కలన్నీ ఎక్కడికి పోవాలి? ఎవరో ఒకరు తలుపు తియ్యాలి. నువ్వు తీస్తానంటున్నావు. అందుకు నాకు గర్వంగానే ఉంది తల్లీ.

అయితే ఆ కుక్క ఇల్లంటే ఏమిటో చూసి ఉండకపోవచ్చు. మెట్లు ఎక్కడం రాదు, అద్దాల తలుపు కనపడదు, మిక్సీ వేస్తే వణుకుతుంది. మొదటి కొన్ని వారాలు అది మీకు నచ్చేలా ఉండదు. పన్నెండేళ్ళు బతుకుతుందనుకుంటే, ఇంకా ఎనిమిదేళ్ళు. నువ్వు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవి నేను లెక్కపెట్టను. వాటికి ప్రాణం లేదు.

ఇక చెయ్యాల్సినవి విను. బయటికి తీసుకెళితే చేతిలో తాడు లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకు. మీ ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలో 2019 నుంచి మూతికి బుట్ట అక్కర్లేదన్నారు గానీ, తాడు మాత్రం తప్పనిసరి. పిల్లి కనిపిస్తే అది గంటకి అరవై కిలోమీటర్ల పైన దూసుకుపోతుంది, నీ పిలుపు దాని చెవికెక్కదు. దాని తల సన్నం, మెడ లావు. మామూలు బెల్టు జారిపోతుంది. మార్టింగేల్ అని బిగుసుకునే బెల్టు ఉంటుంది, అదే కొను. పక్కింటి పిల్లి మీ పెరట్లోకి వస్తుందన్నావు, ముందు ఆ కంచె సంగతి చూడు.

పడుకున్నప్పుడు బాబుని దాని మీద పడనివ్వొద్దు. ఈ కుక్కలు కళ్ళు తెరిచి కూడా నిద్రపోతాయి, ఉలిక్కిపడి కరవొచ్చు. దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, లేచాకే దగ్గరికి వెళ్ళాలని వాడికి నేర్పు. మన పప్పూ పులుసూ ఏదీ పెట్టకు, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. పాయసంలో కిస్‌మిస్ కూడా అంతే. మీకిప్పుడు ఎండలు, మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపించకు. జూన్ వచ్చేసరికి కోటు కొనాలి, దాని ఒంట్లో కొవ్వుండదు, చలికి ఆగలేదు. కొన్ని మత్తుమందుల నుంచి ఈ జాతి త్వరగా తేరుకోదు. పళ్ళు శుభ్రం చేయించాలన్నా సరే, గ్రేహౌండ్లను చూసి అలవాటున్న డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళు.

మూడేళ్ళలో ఇండియా వచ్చేస్తామంటున్నారు కదా. దాన్ని వెంట తేవాలంటే ఏమేం కావాలో, ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కుని కాగితం మీద రాయి. మీ ఆయనకి చూపించు. అది చదివాక కూడా ఇద్దరిదీ ఒకటే మాటైతే వెళ్ళి తెచ్చుకోండి. ఆదివారం ఫోన్ చెయ్యి.

ఇట్లు,
తాతయ్య