వంగి చూడవలసిన గుమ్మము



సంతోషించుట తప్పు కాదని మనమందరము ఒప్పుకొందుము. కష్టపడి పనిచేసినవాడు కొన్ని దినములు విశ్రమించుటయు తప్పు కాదు. అయితే ఒకరు కన్నీరు కార్చిన నేలమీద మరియొకరు విహారము చేయవచ్చునా? ఆ కన్నీరు కార్చినవారు చనిపోయి ఎంతో కాలమైనను ఆ ప్రశ్న మిగిలియుండునా? ఈ మాసము ఈ సంగతిని మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను. ఇది నేను కూర్చుండి కల్పించిన ప్రశ్న కాదు. మా సంఘములో పెరిగి, ఇప్పుడు అమెరికాలోని హ్యూస్టన్ నగరములో ఉద్యోగము చేయుచున్న ఒక యువకుడు నన్ను అడిగిన ప్రశ్న.

అతడును అతని భార్యయు ఎనిమిది దినములు సెలవు పెట్టి, కరేబియన్ సముద్రములోని బొనేర్ అను ద్వీపమునకు వెళ్లిరి. అది వెనిజులా దేశపు తీరమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరములోనున్న చిన్న దీవి. 2010 అక్టోబరు 10వ తేదీనుండి నెదర్లాండ్సు దేశమునకు చెందిన ప్రత్యేక పురపాలక సంఘముగా నున్నది. అక్కడికి వచ్చువారిలో అనేకులు స్కూబా డైవింగు కొరకే వత్తురు. అనగా, వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట గొట్టము పెట్టుకొని, నీటి అడుగున చేపవలె సంచరించుట. 1943లో ఫ్రాన్సు దేశములో జాక్ కూస్తో అను నావికాధికారియు, ఎమిల్ గాన్యా అను ఇంజనీరును కలిసి ఇందుకు తగిన పరికరమును సిద్ధపరచిరి. మనిషి పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతుకు తగిన ఒత్తిడితో, అది గాలినిచ్చును. దానివలన సామాన్యులకును సముద్రగర్భము తెరువబడెను.

ఆ యువకుడు మొదటి రెండు దినములు చూచినదంతయు ఫోనులో నాకు వ్రాసెను. బొనేర్‌లో పడవ లేకుండగనే, ఒడ్డునుండి నడిచి సముద్రములో దిగవచ్చును. రోడ్డు ప్రక్కన పసుపు రంగు వేసిన రాళ్లు దిగవలసిన చోట్లను చూపును. అడుగున పగడపు దిబ్బలు గలవు. పగడము చూచుటకు రాయివలె నుండును గాని, అది కోట్లకొలది చిన్న ప్రాణులు కలిసి కట్టుకొన్న ఊరు. బండవలె గుండ్రముగా పెరుగు పగడములు సంవత్సరమునకు ఒక సెంటీమీటరో, అంతకు తక్కువయో ఎదుగును. మనిషి ఎత్తు పగడము ఎదుగుటకు ఒక మనిషి ఆయుష్షు చాలదన్నమాట. “అయ్యగారూ, అక్కడ శబ్దము లేదు, తొందర లేదు. నేనిట్టి నెమ్మదిని ఇంతకుముందు ఎరుగను” అని అతడు వ్రాసెను. చదివి నేనును సంతోషించితిని.

మూడవ దినపు ఉత్తరము వేరుగా నుండెను. వారు ఆ దినము ద్వీపపు దక్షిణ భాగమునకు వెళ్లిరి. అక్కడ ఉప్పుమడులున్నవి. ఇప్పటికిని అక్కడ ఎండతో ఉప్పు పండించుచున్నారు. తెల్లని ఉప్పు గుట్టలు దూరమునకే కనబడును. సముద్రపు ఒడ్డున వరుసగా చిన్న రాతి గుడిసెలు గలవు. అవి 1850లో కట్టబడినవి. ఉప్పు తీయు బానిసలు రాత్రులు పడుకొనుటకు వాటిని కట్టించిరి. వాటి గుమ్మము మనిషి నడుము ఎత్తునకు మించదు. లోపలికి పోవలెనన్న ప్రాకవలెను. లోపల నిలువబడుటకు వీలులేదు. ఆ బానిసల కుటుంబములు ఉత్తరముననున్న రింకాన్ అను గ్రామములో నుండెడివి. వారాంతమున వారు భార్యాబిడ్డలను చూచుటకు సుమారు ఏడు గంటలు నడిచి పోయి, మరల నడిచి వచ్చెడివారని చెప్పుదురు. 1863 జూలై 1వ తేదీన నెదర్లాండ్సు వారు తమ కరేబియన్ వలసలలో బానిసత్వమును రద్దు చేసిరి.

ఆ గుడిసెలకు ఎదుటనే, ఆ ఒడ్డుననే, డైవింగు చేయు చోటు గలదు. జనులు అక్కడ బండ్లు నిలిపి, నవ్వుకొనుచు సిలిండర్లు తగిలించుకొని నీటిలోనికి పోవుచున్నారు. మన యువకుడు సిలిండరు చేత పట్టుకొని అక్కడనే నిలిచిపోయెను. ఏలయనగా అతని అమ్మమ్మ శ్రీకాకుళము జిల్లా నౌపడ ఉప్పుమడులలో జీవితకాలమంతయు కూలి చేసిన స్త్రీ. “అయ్యగారూ, ఆ గుమ్మము చూడగానే మా అమ్మమ్మ కాళ్లు జ్ఞాపకమునకు వచ్చినవి. నా భార్య ఒక్కతెయే నీటిలో దిగలేదు గనుక ఇద్దరము తిరిగి వచ్చితిమి. ఇక్కడ నేను సంతోషించుట తప్పా?” అని అతడు వ్రాసెను.

చదువరీ, ఈ ప్రశ్నకు చులకనగా చెప్పదగిన జవాబులు రెండు గలవు. నేను మొదట ఆ రెండింటిని తలంచితిని.

మొదటిది: “జరిగినదేదో జరిగిపోయినది. నీవు ఎవరిని బానిసగా నుంచలేదు. డబ్బు చెల్లించితివి, సంతోషించుము.” ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. మనవాడు చేయని నేరమునకు మనవానిని శిక్షింపరాదు. కాని జరిగినది నిజముగా జరిగిపోయినదా? 2022 డిసెంబరు 19వ తేదీన నెదర్లాండ్సు ప్రధానమంత్రి ఈ బానిసత్వము నిమిత్తము తన ప్రభుత్వము తరఫున క్షమాపణ చెప్పెను. 2023 జూలై 1వ తేదీన ఆ దేశపు రాజు తానే క్షమాపణ వేడెను. విడుదల నాటికిని ఆ క్షమాపణకును మధ్య నూట అరువది సంవత్సరములు గడచినవి. అన్ని సంవత్సరములు ఒక మాట గొంతులో నిలిచియున్నదనిన, అది ముగిసిపోయిన సంగతి కాదు. కాలము గాయమును కప్పును గాని, ఒప్పుకొనకుండ మాన్పదు.

రెండవది: “సిగ్గుపడుము, పెట్టె సర్దుకొని ఇంటికి పొమ్ము.” ఇది వినుటకు భక్తిగా నుండును. కాని ఇతడు నీటిలో దిగక మానినంత మాత్రమున ఆ గుడిసెలో పడుకొన్నవారికి ఒక్క గంట విశ్రాంతియైనను కలుగునా? దుఃఖము జరిగిన చోటనెల్ల సంతోషమును నిషేధించితిమా, భూమిమీద కాలు మోపుటకు చోటు దొరకదు. మరియు ఆ అమ్మమ్మ ఎందుకు కూలి చేసెను? తన మనుమడు ఎన్నడును నవ్వకూడదనియా? కాదు గదా.

“మనము పోయి ఖర్చు పెట్టినందున అక్కడి బీదలు బ్రదుకుచున్నారు” అను మాట ఇంకొకటి గలదు. అది నిజమే. అయితే దానిని జాగ్రత్తగా పలుకవలెను. కూలి ఇచ్చు ప్రతివాడును, తక్కువ ఇచ్చినవాడును, ఆ మాటనే చెప్పుకొని నిద్రపోవును.

అట్లయిన ఏమి చెప్పవలెను? నాకు జవాబు నా గ్రంథములలో దొరకలేదు, ఆ యువకుడు మొదటి దినము వ్రాసిన ఉత్తరములోనే దొరికినది. సముద్రములో దిగువారికి అక్కడ నేర్పు నియమములను అతడు అందులో వ్రాసియుండెను.

1979లో బొనేర్ చుట్టునున్న సముద్రమును, ఒడ్డునుండి 60 మీటర్ల లోతువరకు, రక్షిత ప్రాంతముగా ఏర్పరచిరి. అక్కడ పగడమును తాకరాదు, విరువరాదు, తీసికొని పోరాదు. లంగరు వేయరాదు. చేతికి తొడుగులు సహితము వేసికొనరాదు. ఇది నాకు వింతగా తోచెను. ఎందుకనగా, తొడుగు వేసికొన్నవాడు నొప్పి యుండదు గనుక దేనినైనను పట్టుకొనును. వట్టి చేయి గలవాడు జాగ్రత్తపడును. దిగువాడు తేలిపోకుండ, మునిగిపోకుండ, దేనిమీదను ఆనకుండ నిలుచుట నేర్చుకొనవలెను. ఊపిరి బిగబట్టరాదు, పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చుసరికి రెండింతలగును, బిగబట్టినవాని ఊపిరితిత్తులు చీలిపోవును. ఒంటరిగా దిగరాదు, తోడుండవలెను. పైకి వచ్చునప్పుడు తొందరపడరాదు. సుమారు అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగి రావలెను. 2023లో పగడములకు ప్రాణాంతకమైన ఒక తెగులు ఆ దీవికి వచ్చినప్పుడు, ఒక చోటి తెగులు మరియొక చోటికి మోయకుండునట్లు పరికరములను శుభ్రపరచుకొనుడని కూడ వచ్చినవారికి చెప్పిరి.

ఈ నియమములన్నిటిని కలిపి చూడుడి. ఇవి సంతోషమును అడ్డగించుటలేదు. “నీవు అతిథివి. ఇది నీది కాదు. నీకంటె ముందు ఇక్కడ ప్రాణులున్నవి, నీ తరువాతను ఉండవలెను. చూడుము, సంతోషించుము, దేనిని పట్టుకొనకుము” అని చెప్పుచున్నవి. కాబట్టి నాకు తోచినదేమనగా, సంతోషము తప్పా ఒప్పా యనుట అసలు ప్రశ్న కాదు. నీటి అడుగున మనము పాటించు మర్యాద ఒడ్డుకు ఎక్కగానే ఎందుకు జారిపోవుచున్నది అనుటయే ప్రశ్న. పగడమునకు వ్రేలు తగులనీయనివాడు తన గది ఊడ్చు స్త్రీ ముఖమైనను చూడక తడి తువ్వాలు నేలమీద విసరునా? ఆ వేళ అతని చేతికి తొడుగు లేకపోవచ్చును గాని, మనస్సుకు ఉన్నది.

ఇతరులకు చెప్పుటకు ముందు నా సంగతి చెప్పవలెను. సెమినరీ నుండి వచ్చిన క్రొత్తలో నేను నౌపడ ప్రక్క ఒక కూటమునకు పోయితిని. కూలికి వచ్చిన స్త్రీలు ఎండలో నిలువబడిరి. నాకు కుర్చీ వేసి, కొబ్బరి నీళ్లు ఇచ్చిరి. నేను ఉప్పు అను అంశముమీద నలుబది నిమిషములు ప్రసంగించితిని. ఉప్పు యొక్క రుచి, తెలుపు, కుళ్లిపోకుండ కాపాడు గుణము, అన్నియు వివరించితిని. కూటము ముగిసిన పిమ్మట ఒక స్త్రీ నా యొద్దకు వచ్చి, “ఉప్పు గురించి బాగా సెప్పినారు బాబూ. ఉప్పులో నిలబడినోల్ల కాళ్ల గురించి సెప్పనేదు” అనెను. అప్పుడు క్రిందికి చూచితిని. ఆ పాదములు బీటలు వారి, తెల్లగా పాలిపోయి యుండెను. అంతసేపు అవి నా కన్నుల యెదుటనే యున్నవి. ఆమెయే ఈ యువకుని అమ్మమ్మ. ఆమె నన్ను ప్రసంగము మానుమనలేదు. కొంచెము వంగి చూడుమనెను. అంతే.

కావున నేను అతనికి ఇట్లు వ్రాసితిని: “బాబూ, రేపు తప్పక నీటిలో దిగుము. ఆ చోటనే దిగుము. కాని దానికి ముందు ఇద్దరును ఆ గుడిసెలోనికి వంగి పోయి, కొంతసేపు కూర్చుండుడి. ఫొటో తీసికొనుట కొరకు కాదు. తరువాత చెప్పుము, ఇన్ని దినములనుండి మీ గది ఊడ్చుచున్న అమ్మ పేరు నీకు తెలియునా?”

రెండు దినములు జవాబు రాలేదు. పిమ్మట వచ్చినది. “తెలియలేదయ్యగారూ. నిన్న అడిగితిని. ఆమె కొలంబియా దేశస్థురాలు. ఇద్దరు బిడ్డలను తన తల్లి యొద్ద విడిచి వచ్చినది. నేను పేరడిగినందుకు నవ్వి, నా పేరడిగినది. పలుకలేక మరల నవ్వినది. మేము దిగువచ్చినప్పటినుండి ఆమె మమ్మును అడిగిన మొదటి ప్రశ్న అది.”

డైవింగు చేసినవారు విమానమెక్కుటకు ముందు సుమారు ఒక దినము నీటిలో దిగరాదను నియమము గలదు. దిగినయెడల పైయెత్తున రక్తములో గాలి బుడగలు ఏర్పడు ప్రమాదమున్నది. అందుచేత చివరి దినము వారికి ఖాళీగా నుండెను. ఇతరులు ఆ దినము ఈత కొలను ప్రక్కన గడుపుదురు. వీరు బండి తీసికొని రింకాన్‌కు పోయిరి. దారిలో బండి ఆపి, గంటసేపు ఎండలో నడిచిరి. “ఏడు గంటలలో ఒక్క గంట. నా భార్య చెప్పులు తెగినవి. మేమేదో గొప్ప కార్యము చేసితిమని అనుకొనుటలేదు. కాని తిరిగి వచ్చునప్పుడు సముద్రమును చూచి మాకు మరల సంతోషము కలిగినది, ఈసారి సిగ్గు కలుగలేదు” అని వ్రాసెను.

అతడు ఆ దీవికి ఏ ఋణమును తీర్చలేదు. ఒక గంట నడకతో ఎవరి ఋణమును తీరదు. కాని ఋణమున్నదని ఎరిగినవాని సంతోషము వేరు, ఎరుగనివాని సంతోషము వేరు. ఎరుగనివాడు తాను చూచిన ప్రతిదానిని తనదిగా పట్టుకొనును. ఎరిగినవాడు దానిని పుచ్చుకొని, కృతజ్ఞత చెప్పి, విడిచిపెట్టును.

చదువరీ, మీలో అనేకులు బొనేర్‌కు పోరు, నేనును పోను. కాని వేసవిలో సముద్రపు ఒడ్డుకో, కొండమీదికో, బంధువుల ఇంటి పెండ్లికో పోవుదుము. అక్కడ మన పడక సర్దువారు, మన విస్తరాకు ఎత్తువారు, మన సామాను మోయువారు ఉందురు. మీరు అక్కడ సంతోషించుడి. అయితే తిరిగి వచ్చునప్పుడు వారిలో ఒక్కరి పేరైనను మీకు తెలిసియుండవలెనని కోరుచున్నాను. తెలియనియెడల, పెట్టె మూయకముందు ఒకసారి వెనుకకు పోయి అడుగుడి.