కడుపులో బిడ్డకి వెన్నెముక లోపం అని తెలిసింది... ఇది ఎవరి కర్మ?

ఈ వారం వీడియోలో కదిరి నరసింహస్వామి గురించి, ప్రహ్లాదుడి గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పలేకపోయిన విషయం ఒకటి ఉంది. కెమెరా ముందు నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా చిన్నమ్మ కూతురి మెట్టినిల్లు నల్లమాడ. పుట్టపర్తికి దగ్గరే. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ బెంగళూరులో ఉద్యోగాలు. ఐదో నెలలో అనామలీ స్కాన్‌కి వెళ్ళారు. బిడ్డ ఫొటో వస్తుందని సంతోషంగా వెళ్ళారు. డాక్టరమ్మ చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, నడుము దగ్గర వెన్నెముక పూర్తిగా మూసుకోలేదని చెప్పింది. దీని పేరు స్పైనా బిఫిడా.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "అక్కా, నేనేం పాపం చేసినా?"

ముందు తెలియాల్సిన నిజం

ఊర్లో అత్త అడిగిందంట, "గ్రహణం నాడు బయటికొచ్చినావా?" అని. ఆమె చెడ్డది కాదు, భయపడింది అంతే. పెదవి చీలి పుట్టిన బిడ్డని మన భాషలోనే "గ్రహణం మొర్రి" అంటాం. అంటే నింద మన మాటలోనే ఉంది, ఎవరూ వేరే పనిగట్టుకుని వేయక్కర్లేదు.

కానీ జరిగేది ఇది. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే, సుమారు 28 రోజులకి, బిడ్డ వెన్నుపాముగా మారే చిన్న గొట్టం మూసుకుపోవాలి. ఒక్కోసారి ఒకచోట మూసుకోదు. అప్పటికి చాలామంది తల్లులకి కడుపుతో ఉన్నామన్న సంగతే తెలీదు. ఐదో నెలలో చూసిన గ్రహణానికీ దీనికీ ఏం సంబంధం?

ఫోలిక్ యాసిడ్ గురించి కూడా చెప్పాలి. పెళ్ళైన, పెళ్ళి కాబోయే చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజుకి 400 మైక్రోగ్రాములు తీసుకుంటే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ ఉన్న తల్లులకి ఎక్కువ మోతాదు ఇస్తారు, అది డాక్టరే చెప్పాలి. అలా ఎక్కువ మోతాదు తీసుకున్న తల్లుల్లో మళ్ళీ వచ్చే అవకాశం నాలుగింట మూడు వంతుల దాకా తగ్గిందని 1991లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూపించింది. తగ్గింది అన్నారు గానీ, పూర్తిగా పోయింది అనలేదు. అన్ని మాత్రలూ వేసుకున్న తల్లికీ ఇది రావచ్చు. కాబట్టి "నువ్వు మాత్రలు వేసుకోలేదా?" అనే ప్రశ్న కూడా "గ్రహణం చూశావా?" లాంటిదే. అది ఇంగ్లీషు మీడియంలో చదువుకుంది, అంతే తేడా.

అష్టావక్రుడి కథ ఓదార్పేనా?

బంధువుల్లో ఒకాయన మంచి మనసుతోనే ఒక మెసేజ్ పంపాడు. "అష్టావక్రుడు కూడా తల్లి కడుపులోనే వంకర్లు తిరిగాడు, ఎంత జ్ఞాని అయ్యాడో చూడమ్మా" అని. అది చదివి మా చెల్లెలు ఇంకా ఏడ్చింది.

ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. మహాభారతం వనపర్వంలో ఆ కథని సరిగ్గా చూడండి. కడుపులో ఉన్న బిడ్డ తండ్రి కహోడుడి చదువులో తప్పు పట్టాడు, తండ్రికి కోపం వచ్చి శపించాడు. అక్కడ తల్లి సుజాత తప్పేమీ లేదు. నిజం చెప్పిన బిడ్డదీ తప్పు కాదు. ఒక పెద్దవాడి కోపం పుట్టని బిడ్డ మీద పడింది. మన పురాణం ఇంత స్పష్టంగా చెప్తే, మనం మాత్రం ఆడపిల్ల దగ్గరికే వెళ్ళి "ఏం చేశావు?" అంటాం.

ఇంకోటి. పన్నెండేళ్ళ అష్టావక్రుడు జనకుడి సభలో వందిని ఓడించి తండ్రిని వెనక్కి తెచ్చాడు. అప్పుడు తండ్రే సమంగా నదిలో మునగమన్నాడు, ఒంటి వంకర్లు పోయాయి. మనకి అలాంటి నది దొరకదు. పైగా మా చెల్లి బిడ్డ ఏ సభలోనూ గెలవక్కర్లేదు. మహాజ్ఞాని అయితేనే ఆ బిడ్డకి ఈ లోకంలో చోటు అంటే, అది ఓదార్పు కాదు, షరతు.

మరి కర్మ సంగతి?

కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. కానీ దాన్ని పక్కింటి వాళ్ళ కష్టం కొలిచే టేపులా వాడటం నాకు నచ్చదు. ఆ బిడ్డ పూర్వజన్మ నాకు తెలీదు, మీకూ తెలీదు. ఆ ఇంటికి వెళ్ళి నేనేం మాట్లాడానో, అది మాత్రం నా కర్మే. దానికి లెక్క నేనే చెప్పుకోవాలి.

ప్రహ్లాదుడి కథలో మనం ఎప్పుడూ స్తంభం దగ్గరే ఆగుతాం. దానికి ముందు ఒక ఘట్టం ఉంది. గర్భవతి అయిన కయాధువుని ఇంద్రుడు పట్టుకుపోతుంటే నారదుడు అడ్డం వచ్చాడు. "రాక్షసుడి భార్యవి, ఇది నీ కర్మ" అనలేదు. ఆశ్రమంలో చోటిచ్చాడు, దగ్గర కూర్చుని మంచి మాటలు చెప్పాడు. కడుపులో బిడ్డ వాటినే విన్నాడు.

ఇలాంటి ఇంట్లో మనం చేయాల్సింది అదే. మా చెల్లెలి విషయంలో ఆమె మరిది రిపోర్టుల ఫైలు తన చేతిలోకి తీసుకున్నాడు. న్యూరోసర్జన్‌ని ఏం అడగాలో కాగితం మీద రాసుకున్నారు. లోపం వెన్నులో ఎంత ఎత్తులో ఉంది? కాళ్ళ కదలిక ఎలా ఉంటుంది? తలలో నీరు చేరుతోందా, షంట్ వేయాల్సి వస్తుందా? మూత్రం మీద అదుపు ఎలా? పుట్టిన రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ ఎక్కడ చేస్తారు? మన వైపు వాళ్ళకి బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది, వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచి ఉచితంగా వైద్యం చేస్తున్న సత్యసాయి ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగం ఉంది. కొన్ని పెద్ద సెంటర్లలో కడుపులో ఉండగానే చేసే ఆపరేషన్ కూడా ఉంది. 2011లో వచ్చిన అమెరికా పరిశోధన ప్రకారం దానివల్ల షంట్ అవసరం తగ్గుతుంది, కానీ నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

చట్టం కూడా తెలుసుకున్నారు. 2021 సవరణ తర్వాత ఇలాంటి కారణంతో 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. తీవ్రమైన లోపమైతే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. పెద్దయిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు, భర్తదో అత్తదో సంతకం అక్కర్లేదు.

ఆమె ఏ నిర్ణయం తీసుకుందో మాత్రం ఇక్కడ రాయను. బిడ్డని ఉంచుకుంది అని రాస్తే మీలో కొందరు ఆమెని దేవతని చేస్తారు, ఇంకొందరు పిచ్చిది అంటారు. వద్దనుకుంది అని రాస్తే పాపాత్మురాలు అంటారు. మోసే ఒళ్ళు ఆమెది, రేపు బిడ్డని మోసే చేతులూ ఎక్కువగా ఆమెవే. మన ధర్మం ఆ తీర్పు చెప్పడం కాదు, ఏ దారిలో వెళ్ళినా ఆమె ఒంటరిగా నడవకుండా చూడటం.

డాక్టర్ల దగ్గరికి వెళ్ళే ముందు రోజు ఇద్దరూ కదిరి వెళ్ళొచ్చారు. అక్కడ స్వామి ప్రహ్లాద సమేతుడు. "ఏం మొక్కుకున్నావు?" అని అడిగా. "ఏమీ అడగలేదక్కా. ఊరికే నిలబడినా. రేపు డాక్టర్ చెప్పేది పూర్తిగా వినే ధైర్యం ఉంటే చాలనిపించింది" అంది.

ఆ ధైర్యం ఆమెకి ఉంది. ఇలాంటి కబురు మీ ఇంట్లోనో, ఆఫీసులో పక్క సీటులోనో వినిపిస్తే, కారణం వెతక్కండి. "తిన్నావా? రేపు ఆసుపత్రికి నేను తోడు రానా?" అని అడగండి. ఆ రోజుకి మన పూజ అదే అనుకుందాం.

శుభం.