భరోసా ఉన్నవాడికి మాస్కు ఎందుకు?





2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. డిసెంబరు వచ్చేసరికి తొమ్మిది నెలలు గడిచాయి. ఆ తొమ్మిది నెలల్లో మన బస్తీలు పడిన బాధ మీకు మేము చెప్పనక్కరలేదు. కొలుములు చల్లారాయి. సంతలు ఆగిపోయాయి. కత్తులు, తాళాలు, బాణలి పెనాలు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగేవారిని గడప దగ్గరికి రానిచ్చినవారు లేరు. అప్పు తెచ్చి కొన్న ఇనుము ఇంట్లోనే తుప్పుపట్టింది, వడ్డీ మాత్రం ఆగలేదు. జూన్ 8 నుంచి గురుద్వారాలు తెరవవచ్చన్నా, చాలాచోట్ల గురునానక్ దేవ్ జీ గురుపురబ్‌ను ఆ ఏడాది నవంబరు 30న కొద్దిమందితోనే జరుపుకున్నాం.

ఆ కాలంలో మన పెద్దలు మమ్మల్ని తరచూ అడిగిన ప్రశ్న ఒకటుంది. "గురువు మీద పూర్తి భరోసా ఉన్నవాడికి మాస్కు ఎందుకు? సంగత్‌కు దూరంగా కూర్చోవడం ఎందుకు? అంతా హుకమ్ కదా, రాసిపెట్టి ఉంటే వస్తుంది, లేకపోతే రాదు."

ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. అడిగేవారి మనసులో ఉన్నది మొండితనం కాదు, శ్రద్ధ. నిజం చెప్పాలంటే, మార్చి చివర్లో దివాన్ ఆపవలసి వచ్చినప్పుడు మాలోనూ కొందరికి అది తప్పేమో అనిపించింది. అందుకే ఈ మాటను మన చరిత్రలోనే వెతుక్కున్నాం.

1664లో ఢిల్లీలో మశూచి వ్యాపించింది. అప్పుడు గురు హర్‌క్రిషన్ సాహిబ్ వయసు ఎనిమిదేళ్ళ లోపు. రాజా జైసింగ్ బంగళాలో విడిది చేసిన ఆ బాలగురువు రోగుల మధ్యకు వెళ్ళి సేవ చేశారు, నీళ్ళు ఇచ్చారు. ఆ బంగళా ఉన్నచోటే నేటి బంగ్లా సాహిబ్. చివరకు అదే మశూచి ఆయనకూ సోకింది, ఆ ఏడాదే జ్యోతీజోత్ సమాయించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గురువు తన శరీరానికి మినహాయింపు కోరలేదు. అలాంటప్పుడు, "నేను పాఠ్ చేస్తాను, నాకు రాదు" అని మనం అనవచ్చునా? అది భరోసానా, లేక భరోసా వేషం వేసుకున్న అహంకారమా?

ఆయన తండ్రి గురు హర్‌రాయ్ సాహిబ్ కీరత్‌పూర్‌లో దవాఖానా నడిపారు. మూలికలు పెంచి, మందులు కూర్చి, వచ్చినవారికల్లా ఇప్పించారు. దారా షికోకు జబ్బు చేస్తే ఎక్కడా దొరకని మందు అక్కడి నుంచే వెళ్ళిందని మన చరిత్ర చెబుతుంది. మందు వాడటం అవిశ్వాసమైతే గురుఘర్‌లో దవాఖానా ఎందుకు ఉంటుంది?

ఇక హుకమ్ సంగతి. ఇది మన సిక్లిగర్లకు ఎవరో వచ్చి నేర్పవలసినది కాదు. నిప్పు కాలుస్తుంది, అది హుకమ్. అందుకే ఎర్రగా కాలిన ఇనుమును మన తాతముత్తాతలు చేత్తో పట్టుకోలేదు, పట్టకారుతో పట్టుకున్నారు. పట్టకారు పట్టినవాడికి గురువు మీద నమ్మకం లేదని ఎవరైనా అన్నారా? రోగం ఊపిరితో, తుంపరలతో అంటుతుంది. అదీ హుకమే. మాస్కు ఆ పట్టకారు వంటిదే. తేడా ఒక్కటి. కొలిమి దగ్గర అజాగ్రత్తగా ఉంటే మన చెయ్యే కాలుతుంది. ఇక్కడ కాలేది మన ఇంట్లో మంచం పట్టిన బేబే జీ.

2020 ఏప్రిల్‌లో నాందేడ్ హజూర్ సాహిబ్‌లో చిక్కుకుపోయిన వేలమంది యాత్రికులు పంజాబ్ చేరాక వారిలో వందలమందికి రోగం ఉన్నట్టు తేలింది. రోగం తెచ్చారని వారినే నిందించినవారు ఉన్నారు. అది అన్యాయం. సోకడం పాపం కాదు. మన బస్తీలో ఎవరికైనా వస్తే వారి గడప వైపు చూడటం మానేయకండి. రొట్టెలు, పప్పు గుమ్మం ముందు పెట్టి పిలిచి చెప్పండి. బంగ్లా సాహిబ్ వంటశాల మూతపడిన రోజుల్లోనూ ఆగలేదు, పంగత్ కూర్చోలేకపోతే లంగరే ఆకలి ఉన్నచోటికి వెళ్ళింది.

2020 డిసెంబరు నాటికి టీకా దూరంలో లేదు. బ్రిటన్‌లో ఆ నెల 8న మొదలుపెట్టారు. హైదరాబాద్ పక్కనే జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేస్తున్న టీకా అప్పుడు మూడో దశ పరీక్షల్లో ఉండేది. బాలగురువు వెళ్ళిపోయిన 132 ఏళ్ళకు, 1796లో గాని మశూచికి జెన్నర్ టీకా రాలేదు. ఆ తరాల వారు ఎదురుచూడటానికి కూడా ఏమీ లేక గడిపారు. టీకా వేసుకుంటే పిల్లలు పుట్టరని కొందరు భయపెట్టారు. మీ ఇంట్లో పెద్దవారి భుజం చూడండి, మశూచి టీకా మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ ఉన్నవారికే మనమంతా పుట్టాం!

ముందుగా ఆసుపత్రుల్లో పనిచేసేవారికి, తర్వాత పోలీసు, పారిశుధ్య సిబ్బంది వంటివారికి, ఆపైన 50 దాటినవారికి, జబ్బులున్నవారికి ఇస్తామని ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. మన వంతు ఆలస్యమైతే మనసు కష్టపెట్టుకోవద్దు. గోయింద్‌వాల్‌లో గురు అమర్‌దాస్ జీ దర్శనానికి వచ్చిన అక్బర్ పాదుషా కూడా ముందు పంగత్‌లో కూర్చున్నాడని మన పెద్దలు చెబుతారు. అలాగే డబ్బున్నవాడు, పలుకుబడి ఉన్నవాడు వరస దాటి ముందుకు వెళ్తే మాత్రం ఊరుకోనక్కరలేదు, అడగండి.

ఒక పని మాత్రం ఇప్పుడే చేసుకోవాలి. టీకాకు పేరు నమోదు చేయించాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలని అప్పట్లో చెప్పారు. మన కుటుంబాల్లో ఊరూరా తిరిగే జీవనం వల్ల చాలామంది పెద్దవారికి కార్డులే లేవు. ఉన్నవాటిలో సింగ్, కౌర్ అన్నవి ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉన్నాయి. చదువుకున్న పిల్లలు ఈ ఆదివారం మాస్కు పెట్టుకుని బస్తీలో ఇల్లిల్లూ తిరిగి, 50 దాటినవారి పేర్లు, వయసు, కార్డు ఉందో లేదో ఒక నోటు పుస్తకంలో రాసి గ్రంథీ జీకి ఇవ్వాలి. మొదట ఒంటరిగా ఉన్న ముసలివారి తలుపు తట్టండి.