సుఖవ్యాధులు, సంఘధర్మము

సుఖవ్యాధుల పేరు పెద్దల సభలో ఎత్తుట మర్యాద కాదని మనవారి తలంపు. అయినను ఎత్తక తప్పదు. ఇట్టి వ్యాధి ఒకనికి సోకినప్పుడు అది వాని శీలదోషమేయని లోకము వెంటనే తీర్పు చెప్పును. ఆ తీర్పు న్యాయమేనా యనునదియే మా ప్రశ్న.

రష్యా దేశమున 1990లో లక్షమందికి సుమారు అయిదుగురు మాత్రమే కొత్తగా ఫిరంగి రోగము పాలయిరి. 1991లో సోవియట్ రాజ్యము కూలెను. 1997 నాటికి ఆ సంఖ్య 277 అయ్యెను. ఏడేండ్లలో ఒక జాతి శీలము ఏబది రెట్లు చెడునా? ముందు చెడినది బ్రతుకుతెరువు. జీతములు నిలిచిపోయెను, వైద్యపు కట్టుబాట్లు సడలెను, పొట్టకూటికై దేహము నమ్ముకొన్నవారు పెరిగిరి. వ్యాధి ఆ సందున జొరబడెను.

ఇక మన సీమ సంగతి. విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి ఒకే రహదారిపై నున్నవి. ఇచ్చటి నల్లరేగడి వానను నమ్ముకొన్న నేల. వాన తప్పినచో అగ్గిపెట్టెల పని, బాణసంచా పని. అదియు చాలనిచో పరదేశము. మన పూర్వులును నాయకరాజుల కాలమున వలస వచ్చినవారే. కాని వారు ఆలుబిడ్డలతో, కులదైవములతో వచ్చిరి. నేటి యువకుడు ఒంటరిగా పోవుచున్నాడు.

దేశమున హెచ్.ఐ.వి.ని మొదట 1986లో మద్రాసునందు డాక్టర్ సునీతి సాలమన్ గారి బృందము కనుగొనెను. 2018 డిసెంబరులో సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భిణికి ఆ వ్యాధి సోకిన రక్తము ఎక్కించిన సంగతి బయటపడెను. రక్తమిచ్చిన యువకుడు విదేశోద్యోగమునకై పరీక్ష చేయించుకొని, తన స్థితి తెలిసినంతనే తానే వచ్చి చెప్పెను. కొన్ని దినములకే ప్రాణము తీసికొనెను.

అట్లయిన వ్యక్తికి బాధ్యతయే లేదందుమా? అనము. తన స్థితి తెలిసికొనుట, చెప్పవలసినవారికి చెప్పుట, చికిత్స మానకుండుట వ్యక్తిధర్మములు. ఆ యువకుడు వానిలో మిక్కిలి కష్టమైనదానిని నెరవేర్చెను. నిజము చెప్పినవానికి నిలువ నీడ నిచ్చుట సంఘధర్మము. నిందకు వెరచినవాడు వ్యాధిని దాచును. దాచిన వ్యాధి ఇల్లాలికి, బిడ్డకు ప్రాకును. కావున నింద నీతిని కాపాడుటలేదు, వ్యాధినే కాపాడుచున్నది.

2004 నుండి ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందును ఉచితముగా ఇచ్చుచున్నది. మందు మానక వాడువారు నిండు జీవితము గడుపవచ్చును. 2017 నాటి చట్టము వారిపట్ల ఉద్యోగమున, చదువున, వైద్యమున వివక్ష చూపరాదనెను. అయితే చట్టము కచ్చేరి గుమ్మము వరకే వచ్చును. దానిని ఇంటి గడప దాటించవలసినవారము మనమే. సంబంధము కుదుర్చునపుడు పొలము, జాతకము విచారించు మనము ఇరువైపుల రక్తపరీక్షను గూర్చియు సిగ్గుపడక మాటాడుకొనవలెను. దూరదేశము నుండి వచ్చిన కుమారుని "ఎంత తెచ్చితివి?" అనుటకు ముందు "ఒంట్లో కులాసాయేనా నాయనా?" అని అడుగుదము. వాడు చెప్పునది ఏదైనను కోపగింపక విందము.